బ్యాటరీకి చల్లదనము

పెట్రోలు కారులోని ఇంజను సుమారు 90 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమియందు చక్కగా పనిచేయును. బయట 43 డిగ్రీల ఎండ కాయుచున్నను, ఇంజనుతో పోల్చిచూచిన ఆ గాలి చల్లనిదే గదా! కనుక ముందుభాగమున అమర్చిన రేడియేటరు గుండ గాలి వీచినచో ఇంజను వేడి దానిలో కలిసిపోవును.

విద్యుత్తుతో నడచు కారు సంగతి వేరు. దానికి ప్రాణమైన లిథియం బ్యాటరీ మిక్కిలి సుకుమారమైనది. ఇంచుమించు 20 మొదలు 35 డిగ్రీల వరకు దానికి సుఖము. అంతకంటె వేడి హెచ్చినకొలది లోపల అక్కరలేని రసాయనిక చర్యలు వేగము నందుకొనును. అది నిలువచేయగల విద్యుత్తు క్రమముగా తగ్గిపోవును. ఎండ ఒక్కటియే కాదు, లోపలినుండియు వేడి పుట్టుచుండును. ప్రతి విద్యుద్ఘటమునకును కొంత నిరోధము కలదు. ప్రవాహము రెట్టింపైనచో దానివలన పుట్టు వేడి నాలుగు రెట్లగును. కావుననే కారు కొండ నెక్కునపుడును, త్వరితముగా చార్జి చేయునపుడును బ్యాటరీ వేడెక్కును.

1997లో జపానుదేశపు టయోటా సంస్థ ప్రియస్ అను కారును విక్రయింప నారంభించెను. పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు రెండును గల ఇట్టి కారును హైబ్రిడ్ అందురు. దాని బ్యాటరీ చిన్నది. ఒక పంకా గాలి సరిపోయెను.

పెద్ద బ్యాటరీలు వచ్చిన పిదప అసలు పరీక్ష మొదలయ్యెను. 2010 డిసెంబరులో అమెరికాలో రెండు కార్లు కొనువారి చేతికి అందినవి. నిస్సాన్ లీఫ్ బ్యాటరీకి నీరు లేదు, పంకా లేదు. మూసిన పెట్టె గోడలగుండనే వేడి పోవలెను. అందువలన బరువును, ఖర్చును తగ్గినవి. షెవర్లే వోల్ట్ నిర్మాతలు మరియొక మార్గమును పట్టిరి. 288 ఘటముల నడుమ పలుచని లోహపు పలకలను చొప్పించి, వానిలో చల్లని ద్రవమును ప్రవహింపజేసిరి.

ఆరిజోనా రాష్ట్రమందలి ఫీనిక్స్ నగరము ఎండలకు పేరుపడినది. 2012 వేసవిలో అచ్చటి లీఫ్ యజమానులు కొందరు తమ బ్యాటరీల శక్తి త్వరగా క్షీణించుచున్నదని మొరపెట్టుకొనిరి. 2013లో నిస్సాన్ సంస్థ శక్తి క్షీణతకును హామీ నిచ్చెను. తరువాత వేడికి మరింత ఓర్చు బ్యాటరీని తయారుచేసెను.

లీఫుకు ఒక రేడియేటరును తగిలించిన చాలదా? చాలదు. బయటి గాలి 43 డిగ్రీలున్నపుడు, ఆ గాలితో దేనినైనను అంతకంటె చల్లబరచుట ఎట్లు? మన ఇంటి కూజా దీనికి ఉపాయమును చూపుచున్నది. కూజా పైతడి ఆవిరియగుచు లోపలి నీటి వేడిని హరించును. కావున ఆ నీరు చుట్టునున్న గాలికంటె చల్లబడును. ఎయిర్ కండిషనరులోను ఒక ద్రవము ఆవిరియగుచునే చల్లదనము నిచ్చును. వోల్టులో ఆ చల్లదనమునే బ్యాటరీ ద్రవమునకు అందజేసిరి. రెండు ద్రవములును ప్రక్కప్రక్కనే పారును గాని కలియవు. ఇంజను వేడినీరు ఈ ఛాయలకే రాదు. దాని దారి వేరు.

ఇందు మరియొక చిక్కు కలదు. ద్రవము ఘటములన్నిటిని వరుసగా చుట్టివచ్చినచో, పోనుపోను తానే వేడెక్కును. కడపటి ఘటములకు చల్లదనము దక్కదు. వరుసలో ఒక్క ఘటము బలహీనమైనను మొత్తము బ్యాటరీ దానికి లోబడవలసినదే. కావున ద్రవమును పాయలుగా చీల్చి అన్నిటికిని సమముగా పంచెదరు.

ఈ చల్లదనము ఊరకరాదు. పంపునకును, కంప్రెసరునకును విద్యుత్తు కావలయును. చార్జి తీగ తగిలించియున్నచో వోల్టు దానిని ఇంటి విద్యుత్తునుండియే తీసికొనును. అందుచే, ఎవ్వరును లేని వేళ, ఎండలో నిలిపిన కారునుండి పంపు చప్పుడు వినవచ్చుట కలదు.