మధుమేహము – బత్తాయి రసము



మన నల్లగొండ జిల్లాయందు బత్తాయి తోట గల యింటికి ఎవ్వరు పోయినను గ్లాసెడు రసము త్రాగింపక పంపరు. ఈ మర్యాదను మేము దూషింపము. కాని మధుమేహము, అనగా మీరు షుగరు జబ్బని పిలుచునది, గలవారు మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: "అయ్యా, మా తోటలోని కాయయే గదా, చక్కెర యేమియు కలుపలేదు. త్రాగిన దోషమేమి?"

దోషమంతయు పిండుటలో నున్నది. తొనను నమలి తినునపుడు పొరయు పీచును కూడ లోనికి పోయి, చక్కెరను నిదానముగా రక్తమునకు విడుచును. ఒక కాయతోనే తృప్తి కలుగును. గ్లాసెడు రసమునకు మూడు నాలుగు కాయలు పట్టును. పీచు పిప్పితో పశువుల తొట్టికి పోవును. చక్కెర గ్లాసులో మిగులును. 200 మిల్లీలీటర్ల నారింజ రసమున సుమారు 17 గ్రాముల చక్కెర, అనగా నాలుగు చెంచాలు, సహజముగానే యుండును. బత్తాయియు ఆ జాతిదే. పులుపు కలిసియుండుటచే నాలుకకు అంతగా తెలియదు. పట్టణపు దుకాణములలో దీనిపై మరికొంత చక్కెర వేయుట మనమెరిగినదే.

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు పండ్ల రసములోని చక్కెరను తేనెతోను, అంగడి చక్కెరతోను ఒకే వరుసలో నుంచి తగ్గింపుడని చెప్పిరి. పండులోనే యుండు చక్కెరను ఆ వరుసలో చేర్చలేదు. 2013లో హార్వర్డు విద్వాంసులు సుమారు 1,87,000 మంది వివరములు పరిశీలించి, పండ్లు తినువారికి ఈ వ్యాధి కొంత తక్కువగాను, రసము త్రాగువారికి కొంత ఎక్కువగాను వచ్చుచున్నదని ప్రకటించిరి.

2020 వేసవిలో కరోనా కట్టడుల మూలమున కాయ ఢిల్లీకి పోవుట కష్టమైనప్పుడు, పారవేయ మనసొప్పక పూటపూటకును రసము త్రాగిన కుటుంబములను మేమెరుగుదుము. అట్టి కాయను పొరుగువారికి పంచుటయే మేలు.

అయితే ఈ రసమే ప్రాణము నిలిపిన సందర్భమును కూడ మేము కన్నులార చూచితిమి. అరువదేండ్ల రైతొకడు ఉదయము ఇన్సులిన్ సూది వేసికొని, బోరు మోటారు చెడిపోగా అన్నము తినక మధ్యాహ్నము వరకు దానికడనే యుండెను. ఒడలెల్ల చెమటపట్టి, చేతులు వణకి, మాట తడబడెను. ఎండదెబ్బ యని కూలివారు నీళ్లు చల్లుచుండిరి. ఏండ్ల తరబడి అతనిని రసము ముట్టనీయని భార్యయే పరుగున వచ్చి, రెండు కాయలు పిండి త్రాగించినది. పావుగంటలో అతడు తేరుకొనెను. ఆమెకు వైద్యుడు ముందే చెప్పియుండెను. మాకు ఆనాటికి తెలియదు.

ఇన్సులిన్ వాడువారికిని, గ్లిమిపిరైడు వంటి మాత్రలు వేసికొనువారికిని ఇట్లు చక్కెర పడిపోవుట కలదు. అప్పుడు అర గ్లాసు రసము, అనగా సుమారు 120 మిల్లీలీటర్లు, గాని మూడు నాలుగు చెంచాల చక్కెర గాని యీయవలెను. 15 నిమిషములకు తగ్గనిచో మరల నంతే యిచ్చి, తేరుకొనిన పిమ్మట అన్నము పెట్టవలెను. స్పృహ తప్పినవాని నోట మాత్రము ఏమియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. వెంటనే 108కి ఫోను చేయవలెను. తోటకు పోవువారు చక్కెర పొట్లమొకటి జేబులో నుంచుకొనుడు.

తక్కిన దినములలో ఒక కాయను తొనలుగా తినవచ్చును. పాలమూరు సోదరులు సీతాఫలము పండే గదా యని రెండు మూడు తినరాదు. అందు చక్కెర బత్తాయికంటె చాల హెచ్చు. మూత్రపిండముల జబ్బు కూడ గలవారు ఏ పండు విషయమైనను వైద్యుని అడిగిన పిమ్మటనే తినవలెను.