ఐసు యంత్రము – అంతశ్శుద్ధి

2022 నుండి నంద్యాల జిల్లాలో చేరిన మహానంది క్షేత్రపు కోనేటి నీరు, అడుగున పడిన నాణెము కనిపించునంత తేటగా ఉండును. ఎడతెగక ఊరుచు, వెలుపలికి పారిపోవుచు, ఆ నీరు చుట్టుపట్ల పొలములను తడుపుచున్నది. అయితే తేటదనము వేరు, శుద్ధి వేరు. హోటళ్లలో ఐసు ముక్కలు చేయు యంత్రము ఈ భేదమునకు చక్కని ఉదాహరణము. కావున దాని లోపలి భాగములను పరీక్షించి శుభ్రపరచు విధానమును మేమిచ్చట వివరింపదలచితిమి.

యంత్రములోని చిన్న పంపు తొట్టిలోని నీటిని పైకెత్తి, రంధ్రములుగల గొట్టము ద్వారా చల్లని లోహపు పలకపైకి వదలును. నీరు మొదట గడ్డకట్టును. అందు కరగియున్న లవణములు చాలవరకు మిగిలిన నీటిలోనే నిలిచిపోవును. అందుచేతనే ఐసు అద్దమువలె మెరయును, తొట్టినీరు మాత్రము నానాటికి లవణభరిత మగును. యంత్రము ఆ నీటిని పారబోయుచున్నను కొంత లవణము తెల్లని పెచ్చుగా అంటుకొనును. బేతంచెర్ల నాపరాతిని ఎరిగిన మనకు ఈ సీమ సున్నపురాతి నేల అని వేరుగా చెప్పనక్కరలేదు. ఆ రాతి పొరలలో ఊరిన బోరునీరు సున్నమును వెంట తెచ్చును. భారతీయ ప్రమాణము త్రాగునీటి కఠినత్వమునకు లీటరుకు 200 మిల్లీగ్రాములను అంగీకారయోగ్యముగను, వేరు ఆధారము లేనిచోట 600ను గరిష్ఠ పరిమితిగను నిర్ణయించినది. ఆ పరిమితికి లోబడిన నీటితోనైనను పెచ్చు కట్టును.

పరీక్షకు ముందు కరెంటును, నీటిని నిలిపి, పెట్టెలోని ఐసును తీసివేయవలెను. పలక గరుకుగా ఉన్నచో ఐసు సులభముగా ఊడిరాదు. గొట్టపు రంధ్రములు పూడినచో ముక్కలు అరకొరగా ఏర్పడును. గోడలపై జిగట, నల్లని లేక గులాబి మరకలు కనిపించినచో సూక్ష్మజీవులు చేరినవని గ్రహింపవలెను. వేడిని వెలుపలికి పంపు రేకులపై దుమ్ము పేరుకొనినచో ఐసు ఆలస్యమగును, కరెంటు ఖర్చు పెరుగును.

శుభ్రపరచుటలో రెండు దశలు కలవు. మొదట, తయారీదారు సూచించిన ఆమ్లద్రావణమును పంపుతో త్రిప్పి పెచ్చును కరిగింపవలెను. ఊడదీయదగిన భాగములను అందే నానబెట్టి మెత్తని బ్రష్షుతో తోమవలెను. కత్తితో గీకరాదు, పలకపై పూత లేచిపోవును. అంతయు మంచినీటితో బాగుగా కడిగిన పిమ్మటనే, తగిన పాళ్లలో కలిపిన క్లోరిన్ ద్రావణముతో క్రిములను నశింపజేయవలెను. పెచ్చు మాటున క్రిములు దాగియుండును గనుక ఈ క్రమము తప్పరాదు. ఆమ్లమును, క్లోరిన్ ద్రావణమును ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును. చేతితొడుగులు, కంటి అద్దములు తప్పనిసరి. యంత్రమును మరల నడిపినపుడు మొదటి విడత ఐసును పారవేయవలెను. ఐసును వట్టి చేతితో తీయరాదు; గరిటెను ఐసులో గ్రుచ్చి విడువక, వేరొక శుభ్రమైన పాత్రలో ఉంచవలెను.

చలికి క్రిములన్నియు చచ్చుననుట పొరపాటు. టైఫాయిడు క్రిమి ఐసులో బ్రదికియుండగలదు. శివరాత్రికి వచ్చిన యాత్రికుడు చల్లని పానీయము త్రాగి ఊరు చేరిన తరువాత జ్వరపడినచో, కారణము అతడెరుగడు. హోటలు యజమానియు ఎరుగడు. సాక్ష్యము గ్లాసులోనే కరగిపోయినది గదా!

విద్యార్థులారా! తయారీదారులు సాధారణముగా ఆరు నెలల కొకసారి ఈ శుద్ధిని విధింతురు. మన సీమ కఠినజలమునకు అది చాలక పోవచ్చును. శుభ్రపరచిన తేదీని ఒక పుస్తకములో వ్రాసి యంత్రము ప్రక్కన ఉంచుట మంచి అలవాటు. మీలో రేపు హోటలు నడుపువారు, యంత్రములు బాగుచేయువారు ఉండవచ్చును. కొనువాడు చూడజాలని భాగమును శుభ్రముగా ఉంచుటయే ఆ వృత్తిలోని నిజాయితీ.