డి.వి.డి. నకళ్లు – చిత్ర స్పష్టత

మా కళాశాల బీరువాలో ముషాయిరాలు, వార్షికోత్సవాలు, విహారయాత్రలు చిత్రించిన డి.వి.డి.లు కొన్ని ఉన్నవి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకొని పడినప్పుడు ఆ గదిలోనికి వాననీరు వచ్చి అట్టపెట్టెలు తడిసిపోయినవి. డిస్కులు దక్కినవి గాని, ప్రతిదియు ఒక్కటే ప్రతి అన్న భయము మాకు అప్పుడు పట్టుకొన్నది. నకళ్లు తీయించినాము. ఒక దుకాణమువారు తీసి యిచ్చిన ముషాయిరా నకలులో, గజల్ చదువుచున్న మా పూర్వపు ఉర్దూ అధ్యాపకుని ముఖము ఆయన తల ఊపినప్పుడెల్ల చదరపు గళ్లుగా విడిపోయినది. ఆయన ఇప్పుడు లేరు. మూలపు డిస్కులో ఈ దోషము లేదు. మరి తప్పెక్కడ జరిగినది?

వెనుక టేపు నుండి టేపునకు నకలు తీసినప్పుడు తరము తరమునకు బొమ్మ మాసిపోయెడిది. డి.వి.డి.లో ఉన్నది బొమ్మ కాదు, అంకెలు. ఒక హాఫిజ్ నుండి మరొక హాఫిజ్‌కు అక్షరము పోకుండ అందినట్లే అంకెలును అందును. కనుక ఉన్నది ఉన్నట్లు దించిన నకలులో స్పష్టత తగ్గదు, పెరగదు కూడ. తగ్గినదన్నచో మధ్యలో ఎవరో అంకెలను మార్చినారన్నమాట.

ఎందుకు మార్చుదురో లెక్క వేసి చూతము. సాధారణపు ఖాళీ డిస్కులో ఒకే పొర ఉండును; దానిలో 470 కోట్ల బైట్లు పట్టును. (కంప్యూటరు దీనినే 4.38 అని చూపును. అది వేరొక లెక్క, దుకాణదారుని మోసము కాదు.) రెండు పొరల డిస్కులో సుమారు 850 కోట్ల బైట్లు పట్టును. మా ముషాయిరా మూడు గంటలది, రెండు పొరలను నిండుగా ఆక్రమించినది. అనగా సెకనుకు సుమారు 63 లక్షల బిట్లు. దానిని ఒక పొరలో కుక్కినచో సెకనుకు 35 లక్షలకు లోపే మిగులును. మాటల ధ్వని కూడ అందులోనిదే.

మన దేశపు పద్ధతిలో డి.వి.డి. చిత్రము అడ్డముగా 720, నిలువుగా 576 చుక్కలు. సెకనుకు 25 చిత్రములు. ఒక్కొక్క చిత్రమును 16 చుక్కల చదరపు గళ్లుగా, అనగా 1620 గళ్లుగా విభజింతురు. కదలని గడిని మరల వ్రాయనక్కరలేదు. ముందటి చిత్రములో చూడుమని చెప్పిన చాలును. కదిలిన గళ్లకే బిట్లు ఖర్చగును. బిట్లు చాలనప్పుడు సన్నని వివరములు మొదట పోవును, పిమ్మట గళ్ల అంచులు బయటపడును. మా వేదికపై వ్రేలాడదీసిన నస్తాలిఖ్ లిపిలోని నుక్తాలు, తెలుగు అక్షరముల వొత్తులు ఆ నకలులో అలుక్కుపోయినది ఇందువలననే.

ఈ విద్యకు సముద్రమును మించిన పరీక్ష లేదు. భీమునిపట్టణము విహారయాత్ర డిస్కును ఇట్లే కుదించి చూచినాము. ఇసుకపై నిలిచిన విద్యార్థులు బాగుగనే ఉన్నారు. వారి వెనుక అలలు మాత్రము బురదగా మారినవి. అలలో ప్రతి గడియు ప్రతి క్షణము మారును కదా! 1978లో వచ్చిన ‘మరో చరిత్ర’లో ఈ తీరమును చూచినవారు, అటువంటి చిత్రమును ఇరికించుట ఎంత కష్టమో ఊహింపగలరు.

అన్ని దోషములును కుదింపు వలననే రావు. కుదింపు దోషము కదలిక ఎక్కువగా ఉన్న ప్రతిచోటను, ఏ ప్లేయరులో వేసినను కనబడును. ముద్రణ దోషము అట్లు కాదు. బొమ్మ ఒకచోట నిలిచిపోవును, ఒక ప్లేయరులో ఆడినది మరొకదానిలో ఆడదు. డిస్కు లోపలి నుండి వెలుపలికి వ్రాయబడును గనుక తరచు చివరి భాగమే చెడును. దీనికి మందు మంచి డిస్కు, మితమైన వేగము. 16 రెట్ల వేగమునకు తగినదని అట్టపై ఉన్నను మేము 8 రెట్లకే వ్రాయుచున్నాము. వ్రాసిన పిదప మూలముతో సరిచూచుమని కంప్యూటరును ఆజ్ఞాపించుచున్నాము. ఆ పది నిమిషముల ఓపిక లేనివారే ఎక్కువ. మంచి ఖాళీ డిస్కులు దొరకుటయు ఇప్పుడు కష్టమే. ఒకప్పుడు ఇంటింట కనబడిన మోసర్ బేర్ సంస్థ మూసివేతకు 2018లో ఉత్తర్వులైనవి.

ఇక కుదింపునకు విరుగుడు: రెండు పొరల ఖాళీ డిస్కు దొరికిన అదే ఉత్తమము. లేనిచో అక్కరలేని భాగములను తొలగింపవలెను, లేదా రెండు డిస్కులుగా విడదీయవలెను. తప్పనిసరియై కుదింపవలసి వచ్చినచో, చిత్రమునంతయు ఒకమారు పరిశీలించి, రెండవమారు కదలికను బట్టి బిట్లు పంచు పద్ధతినే ఎన్నుకొనవలెను. కాలము రెట్టింపగును, కాని ముఖములు దక్కును. ఇదంతయు మనము చిత్రించుకొన్నవాటిని గురించియే. అమ్మకపు సినిమా డిస్కుల తాళములను విప్పి నకళ్లు పంచుట 1957 నాటి కాపీరైటు చట్టమునకు, దానికి 2012లో జరిగిన సవరణకు లోబడిన వేరు విషయము.

నకలుపై కాగితపు చీటీ అంటింపరాదు. బరువు ఒకవైపు మొగ్గి డిస్కు వణకును. సముద్రపు తేమ గల ఈ ఊరిలో నిలువుగా, మూతపెట్టెలలో, ఎండ తగులని చోట ఉంచుట మేలు. మరొక ప్రతిని హార్డ్ డిస్కులో కూడ దాచినాము.

మా ముషాయిరాను సరిగా సగమునకు విడదీసితిమి. ఒక్కొక్క భాగము 425 కోట్ల బైట్లు. ఒక పొర డిస్కులో కుదింపు లేకుండ పట్టినది. విరామమునకు ముందుది ఒకటి, తరువాతది ఒకటి. ఆయన గజల్ రెండవదానిలో ఉన్నది.