ఆజ్ఞనిచ్చే యంత్రం – అందుకొనే యంత్రం

ఒక కార్యాలయంలో రెండు కంప్యూటర్లుంటే ఒక్కొక్కదాని ముందు కూర్చుని పని చక్కబెట్టవచ్చును. రెండు వందలున్నప్పుడు అది మనిషికి సాధ్యమయ్యేది కాదు. ఒకే ఆజ్ఞను అన్నింటికీ పంపి, ఏది నెరవేర్చినదో, ఏది నెరవేర్చలేదో తిరిగి తెలిపే సాఫ్ట్‌వేర్‌లు అందుకే పుట్టాయి. వాటిలో యాన్సిబుల్ ప్రసిద్ధమైనది. మైకేల్ డిహాన్ దానిని 2012లో వెలువరించగా, 2015లో రెడ్ హ్యాట్ సంస్థ కొనుగోలు చేసింది. నక్షత్రాల నడుమ తక్షణమే వార్తను చేర్చే సాధనానికి అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1966 నాటి నవలలో పెట్టిన పేరది. పేరు సార్థకమే, అయితే వార్త చేరడానికి రెండు కొసలయందూ తగిన ఏర్పాటు ఉండాలి.

ఆజ్ఞనిచ్చే యంత్రంలో లినక్స్, మ్యాక్ ఓఎస్ వంటి యునిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టం, దానిపై పైథాన్ ఉండాలి. విండోస్ నేరుగా ఈ పనికి రాదు. యాన్సిబుల్ ఒకేసారి పలు యంత్రాలతో సంభాషించడానికి తన ప్రతిరూపాలను తానే సృష్టించుకొంటుంది. ఫోర్క్ అనే ఆ సదుపాయం యునిక్స్ సంప్రదాయానికి చెందినది. విండోస్‌లోనే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ ఒక దారి.

ఆజ్ఞనందుకొనే యంత్రంలో యాన్సిబుల్‌ను స్థాపించనక్కరలేదు. లినక్స్ అయితే ఎస్ఎస్‌హెచ్ ద్వారా ప్రవేశమూ, పైథానూ చాలును. విండోస్ అయితే పైథాన్‌కు బదులు పవర్‌షెల్ ఆ పని చేస్తుంది.

అసలు చిక్కు సంచికల పొంతనలో ఉన్నది. 2024 మే నెలలో వెలువడిన యాన్సిబుల్ కోర్ 2.17, ఆజ్ఞనందుకొనే యంత్రాలలో పైథాన్ 3.7 లేదా తరువాతిది ఉండాలన్నది. 2019లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో సిస్టం వాడుకొనేది 3.6. దాని పక్కన కొత్త పైథాన్‌ను చేర్చవచ్చును గదా అని తోచవచ్చు. చేర్చితే చాలా పనులు సాగుతాయి. కాని ప్యాకేజీలను స్థాపించే డీఎన్ఎఫ్ తాలూకు పైథాన్ భాగాలు ఆ 3.6తోనే ముడిపడి ఉన్నాయి. భద్రతా లోపాలను సరిదిద్దే ప్యాకేజీలను పంపవలసిన ఆజ్ఞే విఫలమవుతుందన్నమాట! ఆ లినక్స్‌కు మాత్రం 2029 మే వరకు నిర్వహణ మద్దతు ఉన్నది. నిన్నటి సామాను అని దానిని తీసిపారవేయలేము.

అందుచేత అనుభవజ్ఞులు కొత్త సంచికను ఎక్కించడానికి ముందే తమ అధీనంలోని యంత్రాలన్నింటిలో ఏ పైథాన్ ఉన్నదో లెక్క తీస్తారు. పాతవి మిగిలితే వాటికొరకు 2.16 ఉన్న మరొక ఆజ్ఞాయంత్రాన్ని విడిగా ఉంచుతారు. ఆ యంత్రాలను కొత్త ఆపరేటింగ్ సిస్టంకు మార్చేవరకే ఆ ఏర్పాటు.