డెన్మార్కులో తలకొక ఓటు

డెన్మార్కు అనగానే ఫిజిక్సు విద్యార్థులకు నీల్స్ బోర్ గుర్తొస్తాడు. నాకు పాలు గుర్తొస్తాయి. రైతుబిడ్డ బుద్ధి పోనిచ్చుకున్నాడు కాదని మిత్రులు నవ్వితే నవ్వనీండి. ఒకనాడు ఆ దేశాన్ని గట్టెక్కించింది పాలే.

1864లో ప్రష్యా, ఆస్ట్రియాల చేతిలో ఓడి డెన్మార్కు దక్షిణాన చాలా భూభాగాన్ని పోగొట్టుకుంది. ఆ దెబ్బ మానకముందే, 1870 దశకంలో, ఓడలమీద అమెరికా, రష్యాల ధాన్యం ఐరోపాలో వచ్చిపడింది. ధరలు పడిపోయాయి. జర్మనీ, ఫ్రాన్సులు దిగుమతి సుంకాలు వేసి తమ రైతులను కాపాడుకున్నాయి. డేనిష్ రైతులు ఆ చవక గింజలనే పశువులకూ పందులకూ మేపి, వెన్న, పందిమాంసం ఇంగ్లండుకు అమ్మారు. గిట్టుబాటు కాని సరుకును మేతగా మార్చుకున్నారన్నమాట!

అయితే మంచి వెన్న పెద్ద ఎస్టేట్లలోనే తయారయ్యేది. నాలుగైదు ఆవులున్న రైతు పాలు వెడల్పు పళ్లాల్లో పోసి మీగడ తేలేదాకా గంటలకొద్దీ కాచుకోవాలి. ఒక్కో ఇంటి వెన్నది ఒక్కో రుచి. 1878లో స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ ద లవాల్ మీగడ తీసే సెపరేటరు తయారుచేశాడు. మన లాబొరేటరీలోని సెంట్రిఫ్యూజి సూత్రమే అది. పాలను వేగంగా తిప్పితే బరువైన పాలు అంచుకు పోతాయి, తేలికైన మీగడ నడిమికి చేరుతుంది. కాని ఆ యంత్రం ఒక్క రైతు కొనగలిగేది కాదు. అంచేత 1882లో పశ్చిమ జట్లండులోని హ్యెడింగ్ గ్రామంలో రైతులు కలిసి డెయిరీ పెట్టుకున్నారు. ఆ దేశపు తొలి సహకార డెయిరీ అదే. 1900 నాటికి అలాంటివి వెయ్యి దాటాయి.

వారి కట్టుబాట్లు చూడండి. అప్పుకు అందరూ పూచీ. ఇంటి వాడకానికి పోను మిగిలిన పాలన్నీ డెయిరీకే పోయాలి. వెన్న తీసిన పాలు రైతుకు తిరిగి వస్తాయి, వాటితో పందులు పెరుగుతాయి. లాభం పోసిన పాలను బట్టి. ఓటు మాత్రం చాలాచోట్ల మనిషికొకటే. డేనిష్‌లో ‘హోవెడ్’ అంటే తల, ‘హ్యోవెడ్’ అంటే పశువు. రాతలో ఒక్క అచ్చే తేడా. ఓట్లు లెక్కించేది హోవెడ్‌లను బట్టిగాని హ్యోవెడ్‌లను బట్టి కాదని వాళ్లు చమత్కరించేవారు. నలభై ఆవులవాడికీ ఒకటే, రెండావులవాడికీ ఒకటే.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఊళ్లోనూ పాలకేంద్రం ఉంది. మా నాన్న రోజూ పాలు పోస్తాడు. వెన్నశాతం రాసిన చీటీ ఇస్తారు. ఆయనకు చదువు రాదు, నేను ఇంటికెళ్లేదాకా చీటీలు గూట్లోనే ఉంటాయి. సంఘం మీటింగులో ఆయనకూ ఓటుంది. “ఏం మాట్లాడావు నాన్నా?” అంటే, “మనం మాట్లాడేదేముందిరా, పెద్దోళ్లు మాట్లాడారుగా” అంటాడు. మరి డేనిష్ చిన్నరైతుకు నోరెలా వచ్చింది?

కొంత జవాబు జానపద ఉన్నత పాఠశాలల్లో దొరుకుతుంది. గ్రుంట్‌విగ్ అనే మతాచార్యుడు లాటిన్ చదువులను విమర్శించి, బతికున్న భాషలో, నోటిమాటగా చదువు సాగాలన్నాడు. ఆ భావాలతో 1844లో ర్యోడింగ్‌లో మొదటి పాఠశాల వెలిసింది. పొలం పని లేని చలికాలంలో రైతు యువకులు అక్కడే ఉండి చరిత్ర వినేవారు, పాటలు పాడేవారు, చర్చించేవారు. పరీక్షల్లేవు, మార్కుల్లేవు (మనకు ఎంత హాయి!). డెయిరీలన్నీ ఈ బడుల పుణ్యమే అంటే నేనొప్పుకోను. యంత్రమూ, ఇంగ్లండు బజారూ లేకుంటే పాటలతో వెన్న రాదు. కాని సభలో లేచి నిలబడే ధైర్యానికి ఆ చదువు సాయపడే ఉంటుంది.

అక్కడి ఉద్యోగాల తీరులోనూ ఈ అలవాటు కనిపిస్తుంది. 1899లో నెలల తరబడి లాకౌటు సాగాక యజమానులూ కార్మిక సంఘాలూ ‘సెప్టెంబరు ఒప్పందం’ చేసుకున్నారు. నేటికీ అక్కడ కనీస వేతన చట్టం లేదు, జీతాలు సంఘాల బేరసారాలతోనే తేలతాయి. వారానికి 37 గంటల పని కూడా అలా వచ్చిందే. 1970 దశకం నుంచి ‘మీరు’ అనే మాట దాదాపు వాడుక తప్పింది. గుమాస్తా మేనేజరును పేరుపెట్టి ‘నువ్వు’ అంటాడు. మా లెక్చరరుగారిని అలా పిలవడం ఊహించుకున్నాను, నోరు రాలేదు! ‘మీరు’ అంటూనే ఎదురు ప్రశ్న వేయవచ్చుగదా అని నా వాదన.

సుమారు 60 లక్షల మంది దేశం. పిల్లలు బళ్లో డేనిష్‌లో చదువుతారు, ఇంగ్లీషూ బాగా నేర్చుకుంటారు. 2009 నుంచి గ్రీన్‌లాండులో గ్రీన్‌లాండు భాషే అధికారభాష.

అంతా వెన్నముద్దే అనుకోకండి. పల్లె డెయిరీలు కలిసిపోతూ 2000లో స్వీడన్ సంస్థతో చేరి ‘ఆర్లా’గా పెద్దవయ్యాయి. యజమానులు ఇంకా రైతులే, కాని చిన్నరైతులు బాగా తగ్గిపోయారు. మనుషులకంటె పందులే ఎక్కువ. ఎరువులు కొట్టుకుపోయి సముద్రపు పాయలు పాడయ్యాయి. పశువులు వదిలే వాయువులపై 2030 నుంచి పన్ను వేయాలని 2024లో నిర్ణయించారు.

మొన్న సెలవుల్లో నాన్నకు హ్యెడింగ్ కథ చెప్పాను. అంతా విని, “వెన్న తీసిన పాలు తిరిగిచ్చేవాళ్లా? మనకివ్వరేం?” అన్నాడు. మీటింగులో అడగమన్నాను. “నువ్వు రాసియ్యి, ఎవరిచేతైనా చదివిస్తా” అన్నాడు.

రాసివ్వనన్నాను. నోటితోనే అడగమన్నాను.