గడప దాటని లోకల్

పరీక్షకి ముందు రోజు రాత్రి హాస్టల్లో నెట్ పోయింది. మైక్రోటిక్ రౌటర్‌లో నేను రాసిన స్క్రిప్టు లాగ్‌లో "లింకు పోయింది:" అనేసి ఊరుకుంది. ఏ లింకో లేదు. ఎర్రరూ లేదు, అదీ చిరాకు!

తప్పు నాదే. లింకు పేరుని పైన లోకల్‌గా పెట్టి, కింద డూ ఫంక్షన్లో వాడాను. ఇఫ్ బ్లాకుకైతే బయటి లోకల్ కనిపిస్తుంది. ఫంక్షన్‌కి కనిపించదు, ఖాళీగా వస్తుంది. సి అలవాటు కొంప ముంచింది. విలువని ఆర్గ్యుమెంటుగా పంపాలి. గ్లోబల్ అయినా సరే, ఫంక్షన్ లోపల విలువ ఇవ్వకుండా మళ్ళీ గ్లోబల్ అని డిక్లేర్ చెయ్యాలి. ఇంకో గ్లోబల్ ఫంక్షన్‌ని పిలవాలన్నా అంతే, అదీ వేరియబులేగా!

టెర్మినల్లో ప్రయత్నిస్తారా? మొత్తాన్నీ ఫ్లవర్ బ్రాకెట్లలో పెట్టండి. లేదంటే ప్రతి లైనూ ఒక స్కోపే, లోకల్ ఆ లైనుతోనే పోతుంది. నాకిది తెలిసేసరికి తెల్లవారుజాము మూడయింది.