సరిహద్దు మీద ఆసుపత్రి

ప్రశ్న: రెండు దేశాలు కలిసి ఒకే ఆసుపత్రి నడిపితే ఏ దేశపు చట్టం వర్తిస్తుంది?

జవాబు: పిరినీస్ పర్వతాల్లోని సెర్దాన్య లోయ 1659 నాటి సంధితో స్పెయిన్, ఫ్రాన్స్‌ల మధ్య చీలిపోయింది. ఫ్రాన్స్ వైపు రోగులకు తమ దేశపు పెద్దాసుపత్రి దూరం. చలికాలం కొండదారిలో ప్రయాణం మరీ కష్టం. అందుకే సరిహద్దును ఆనుకుని ఉన్న స్పెయిన్ పట్టణం పుచ్చర్దాలో 2014లో ఉమ్మడి ఆసుపత్రి తెరిచారు.

దానికి ఆధారం యూరోపియన్ యూనియన్ 2006లో చేసిన నిబంధన. దాని ప్రకారం వేర్వేరు దేశాల ప్రభుత్వ సంస్థలు చట్టబద్ధమైన ఒకే సంస్థగా ఏర్పడవచ్చు. ఆ నిబంధనలో తేలని విషయాలకు ఆ సంస్థ రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న దేశపు చట్టం వర్తిస్తుంది.

అంతటితో చిక్కులు తీరలేదు. ఫ్రెంచ్ తల్లికి అక్కడ పుట్టిన బిడ్డ విదేశంలో పుట్టినట్టే లెక్క. మృతదేహాన్ని ఫ్రాన్స్ వైపు పక్క ఊరికి తీసుకెళ్లాలన్నా అది దేశాంతర తరలింపే. దుఃఖంలో ఉన్నవారిని కాగితాల కోసం తిప్పడం అన్యాయం. ఇలాంటివి రెండు ప్రభుత్వాలూ విడిగా ఒప్పందాలు చేసుకుని సరిదిద్దాల్సినవే.

యూరోపియన్ యూనియన్ 2025లో చేసిన కొత్త నిబంధన కింద సభ్యదేశాలు సరిహద్దు సమన్వయ కేంద్రాలు పెట్టుకోవచ్చు. అడ్డంకులు ఎదురైనవారు అక్కడ అర్జీ ఇవ్వవచ్చు. చట్టాన్ని మార్చాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం ఆయా దేశాలదే.